తికగ్, హులావ్, వరపు: ఇలోకానో, సెబువానో భాషల్లో ఎండిన దానికి ఉన్న పేర్లు

సభకు నమస్కారం.

ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతున్న మా మేనకోడలు కిందటి ఏడు మార్చి నెలలో ఒక రాత్రి ఫోన్ చేసింది. అప్పుడు ఆమె లూజాన్ ద్వీపపు ఉత్తర భాగంలో ఒక ఆసుపత్రిలో శిక్షణలో ఉంది. ఆ రోజు ఒక ముసలి రైతు వచ్చి, మెడ మీద చెయ్యి పెట్టుకుని, ‘నమగా తి కరబుకోబ్‌కో’ అన్నాడట. కరబుకోబ్ అంటే గొంతు అని ఆమెకు అప్పటికే తెలుసు. ‘నమగా’ అన్నది తాను మనీలాలో నేర్చుకున్న తగలోగ్ మాటే అనుకుని, గొంతు వాచింది అని కేసు షీటు మీద రాసుకుంది. పెద్ద డాక్టరు టార్చి వేసి చూస్తే వాపు ఆనవాలు కూడా లేదు. ఆ రైతు మాట్లాడింది తగలోగ్ కాదు, ఇలోకానో. ఇలోకానోలో ‘నమగా’ అంటే ఎండిపోయింది అని అర్థం. అతను చెప్పింది గొంతు ఎండిపోతోందని మాత్రమే.

‘మామయ్యా, ఒకే దేశంలో ఒకే మాట ఒకచోట వాపు, ఇంకోచోట ఎండు ఎలా అవుతుంది?’ అని ఆ పిల్ల అడిగింది. భాషాశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి కనుక అప్పటికప్పుడు ఏదో సమాధానం చెప్పాను గాని, ఫోన్ పెట్టేశాక ఆ సమాధానం నాకే చాలలేదు. ఆ తరువాత ఒక ఏడాది పాటు ఇలోకానో, సెబువానో భాషల్లో ఎండు, ఎండాకాలం, వానలేమి అన్న భావాలకు ఉన్న మాటలను ఒక్కొక్కటిగా వెతికాను. ఈ ఏడు ఏప్రిల్‌లో అక్కడికి వెళ్ళి మూడు వారాలు ఉండి, ఆ మాటలను నోళ్ళ మీద విన్నాను. ఈ పూట మీ ముందు పెట్టబోయేది ఆ వెతుకులాటే.

ముందుగా ఆ రెండు భాషలు ఎక్కడివో రెండు మాటల్లో చెబుతాను. ఇలోకానో లూజాన్ ద్వీపపు వాయవ్య తీరంలో, పడమట సముద్రానికీ తూర్పున కోర్దిల్యేరా కొండలకూ మధ్య ఇరుక్కున్న సన్నని నేలలో పుట్టిన భాష. ఇలోకోస్ నోర్తే, ఇలోకోస్ సుర్, లా యూనియన్ దాని సొంత సీమలు. ఆ నేల చాలక జనం తూర్పున కగయాన్ లోయకూ, 1906 నుంచి సముద్రం దాటి హవాయి చెరకు తోటలకూ వలసపోయారు కనుక భాష కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. సెబువానో దేశం నడుమ ఉన్న సెబూ ద్వీపపు భాష. దానిని మాట్లాడేవారు సుమారు 2 కోట్ల మంది ఉంటారు. బోహోల్ ద్వీపంలోనూ, దక్షిణాన మిందనావ్‌లో చాలా భాగంలోనూ అదే వాడుక భాష. మన తెలుగు పిల్లలు వైద్యం చదవడానికి ఎక్కువగా వెళ్ళే దవావ్ నగరంలో రోగులు నోరు విప్పితే వచ్చేది సెబువానోయే. కనుక ఈ విషయం మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ రెండూ, తగలోగ్‌తో పాటు, ఆస్ట్రోనేషియన్ కుటుంబపు భాషలు. అక్కచెల్లెళ్ళే గాని ఒకరి మాట ఒకరికి తెలియదు. తెలుగు మాత్రమే తెలిసిన మనిషికి తమిళం వినిపిస్తే ఎలా ఉంటుందో, సెబూ మనిషికి ఇలోకానో అలాగే ఉంటుంది. తెలిసినట్టు అనిపించే మాట తగిలినప్పుడే ప్రమాదం ఎక్కువ. ‘తుయో’ అంటే తగలోగ్‌లో ఎండినది. ఆ పేరుతోనే అక్కడ ఒక ఎండుచేప కూడా ఉంది. అదే ‘తుయో’ సెబువానోలో ఉద్దేశం, సంకల్పం. ‘లయా’ అంటే సెబువానోలో వాడి ఎండిన ఆకు. ఇలోకానోలో వంటింట్లో ఉండే అల్లం. ‘ఇనిత్’ అంటే సెబువానోలో వేడి. ఇలోకానోలో ఆకాశంలోని సూర్యుడు. ఇలోకానోలో వేడికి ‘పుదోత్’ అని వేరే మాట ఉంది. మా మేనకోడలి ‘నమగా’ కూడా ఈ జాతిదే. ఇలోకానోలో ‘మగా’ అన్న ధాతువుకు ‘న’ అనే ఉపసర్గ చేరితే ‘ఎండిన’ అనే విశేషణం వస్తుంది. తగలోగ్‌లో వాపును చెప్పే ‘మగా’కు ‘న’ చేరితే ‘వాచింది’ అనే భూతకాల క్రియ వస్తుంది. తగలోగ్ మాట చివర గొంతు ఒక్కసారి బిగుస్తుంది, ఇలోకానో మాట చివర బిగుసుకోదు. చెవికి అలవాటు లేనివారికి ఆ తేడా అందదు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన భాషలో ఎండు అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో మనం సాధారణంగా ఆలోచించం. ఎండ, ఎండు, ఎండాకాలం, ఎండుచేప, ఎండబెట్టడం, చెరువు ఎండిపోవడం, నోరు ఎండిపోవడం: ఇవన్నీ ఒకే కుదురులోంచి వచ్చాయి. తెలుగువాడికి తడి పోవడమంటే ఎండ తగలడమే. దీని పక్కన మనం ‘ఆరు’ అన్న మాటను జాగ్రత్తగా విడిగా ఉంచుకున్నాం. ఉతికిన బట్టలు ఆరతాయి, మిరపకాయలు ఎండుతాయి. పైనుంచి వచ్చిన తడి పోతే ఆరడం, లోపల పుట్టిన తడి పోతే ఎండడం. బట్టలు ఎండాయి అనేవారు కూడా ఉన్నారు గాని, మిరపకాయలు ఆరాయి అంటే ఇంకా ఎండలేదనే అర్థం. ఇంత సూక్ష్మమైన తేడాను ఏ బడికీ వెళ్ళకుండానే మనందరం పాటిస్తున్నాం.

నేను వెతికింది ఇలాంటి తేడాలనే. ఆ భాషల్లో ఎండినది అంటే ఏమిటి అని అడగడం కంటే, ఏది పోతే ఏ మాట వాడతారు అని అడగడం సరైన దారి అని నాకు కొంత ఆలస్యంగా తెలిసింది. ఇలోకానోలో ‘నమగా’ అన్నిటికీ పనికివచ్చే పెద్ద మాట. ఆరిన బట్టకూ, ఎండిన నేలకూ, దాహంతో ఉన్న గొంతుకూ అది సరిపోతుంది. సెబువానోలో ఆ స్థానంలో రెండు మాటలున్నాయి, ‘ఉగా’, ‘మలా’. దవావ్‌లో రోగి గొంతు ఎండిపోతోందని చెప్పాలంటే ‘ఉగా’ అంటాడు. సముద్రం కాని పొడినేలను చెప్పేటప్పుడు ‘మలా’ నుంచి వచ్చిన ‘మమలా’ అంటారు. సృష్టి కథలో నీరు ఒకచోటికి చేరి ఆరిన నేల కనబడిందని బైబిలు చెప్పే చోట ఈ రకపు మాటలే వస్తాయి.

కానీ ఆకు ఎండితే ఈ పెద్ద మాటలు పక్కకు తప్పుకుంటాయి. ఇలోకానోలో చెట్టుమీద ఆకు నీళ్ళు లేక మెత్తబడి వేలాడితే ‘నలైలై’. మనం వాడింది, వడలింది అంటామే, అది. తిరిగి నీళ్ళు పోస్తే లేచి నిలబడే అవకాశం అందులో ఇంకా ఉంది. ఆ దశ దాటి, ముట్టుకుంటే పెళపెళలాడే స్థితికి వస్తే ‘నగాఙో’. ఎండుపుల్ల, ఎండుగడ్డి, రాలి కరకరలాడే ఆకు అన్నీ ‘నగాఙో’ కిందికి వస్తాయి. సెబువానోలో ఆ చివరి స్థితే ‘లయా’. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. మన వర్ణమాలలో ‘ఙ’ అక్షరం పేరుకు మిగిలి ఉంది. పలకమీద దిద్దించిన తరువాత ఎవరూ దానిని మళ్ళీ పలకరించరు. ఆ భాషల్లో మాత్రం అది సజీవమైన ధ్వని. సెబువానోలో పేరు అన్న అర్థమున్న ‘ఙాలన్’ దానితోనే మొదలవుతుంది. నా నోట్‌బుక్కులో ‘గాఙో’ అని తెలుగులో రాసుకున్న రోజున, ఆ అక్షరానికి ఇన్నేళ్ళకు పని దొరికిందని నాకు నిజంగా సంతోషం కలిగింది.

నీరు పోతే మళ్ళీ వేరే మాటలు. బావిలోనో, ఏటిలోనో, చెరువులోనో నీరు తగ్గి తగ్గి లేకుండా పోవడాన్ని ఇలోకానోలో ‘మఅతియానన్’ అంటారు. సెబువానోలో అది ‘హుబస్’. ఇలోకానోలో బావిని ‘బుబోన్’ అనీ, సెబువానోలో ‘అతాబాయ్’ అనీ అంటారు. ఈ క్రియల్లో ఎండ ప్రసక్తి లేదు. నీరు వెళ్ళిపోయిందనే తప్ప, ఆవిరైపోయిందా, భూమిలోకి దిగిపోయిందా, ఎవరైనా తోడేశారా అన్నది ఆ మాట పట్టించుకోదు. దాహానికి ఉన్న మాట మాత్రం రెండు భాషల్లోనూ చుట్టరికం దాచుకోలేదు: సెబువానోలో ‘ఉహావ్’, ఇలోకానోలో ‘వావ్’. పాత కాలపు ఒక ఊష్మధ్వని, అంటే సకారం లాంటిది, సెబువానోలో హకారంగా నిలిచింది, ఇలోకానోలో పూర్తిగా రాలిపోయింది. దాహంగా ఉన్న ఇలోకానో మనిషి ‘మవావ్’ అంటాడు.

ఇంతవరకు చెప్పినవి తమంతట తాము ఎండేవి. మనిషి పూనుకుని ఎండబెట్టేది వేరు. దానికి ఆ రెండు చోట్లా ఉన్న మాటలే నాకు అన్నిటికంటే ప్రియమైనవి, ఎందుకంటే అవి నా కళ్ళముందు పనిచేస్తూ కనిపించాయి.

ఇలోకోస్ నోర్తేలో ఒక పల్లె దారిలో ఉదయం ఎనిమిది గంటలకు నడుస్తున్నాను. సిమెంటు రోడ్డు సగం వెడల్పు మేర వడ్లు పరిచి ఉన్నాయి. అంచు వెంబడి వాహనాలు ఎక్కకుండా రాళ్ళు, వెదురు బొంగులు పేర్చారు. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అవ్వ, తలకు గుడ్డ చుట్టి, పైన వెడల్పు టోపీ పెట్టుకుని, పొడుగు పిడి ఉన్న చెక్క పారతో వడ్లను చాళ్ళు చాళ్ళుగా లాగుతోంది. చాళ్ళ మధ్య రోడ్డు కనబడేంతగా లాగి, ఒక కొసకు చేరాక వెనక్కి తిరిగి, ఈసారి అడ్డంగా లాగుతుంది. కింది గింజ పైకి వస్తుంది, పైది కిందికి పోతుంది. నాలుగు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరికి, చప్పుడు విని, తల అడ్డంగా ఊపి మళ్ళీ పార అందుకుంది. మన దగ్గర కల్లంలో వడ్లు ఆరబోసేవారు ఎవరైనా ఆ చప్పుడును గుర్తుపడతారు. మా మేనకోడలు నా తరఫున అడిగితే, ఆ పనిని అవ్వ ‘బిలగ్’ అన్న మాటతో చెప్పింది. ఎండలో పరచి ఎండబెట్టడమని దాని అర్థం. తగలోగ్‌లో ఇదే ‘బిలద్’.

చివరనున్న గకారం, దకారం పొరపాటున మారినవి కావు. బొడ్డును ఇలోకానోలో ‘పుసెగ్’ అంటారు, తగలోగ్‌లోనూ సెబువానోలోనూ ‘పుసోద్’ అంటారు. పాత మూలభాషలో ఉన్న ఒక ధ్వని ఇలోకానోలో గకారమైంది, మిగిలిన రెండింటిలో మాట చివర దకారమైంది, అచ్చుల మధ్య లకారమైంది. అందుకే పేరు అన్న మాట సెబువానోలో ‘ఙాలన్’ అయితే ఇలోకానోలో ‘నాగన్’. ఆ పల్లె రోడ్డు మీది చెక్కపార చప్పుడు వెనక ఇన్ని వేల ఏళ్ళ ధ్వని చరిత్ర ఉందని తెలిసినప్పుడు, నేను చేసే పని మీద నాకున్న గౌరవం ఇంకాస్త పెరిగింది.

సెబువానోలో ఎండలో ఎండబెట్టడాన్ని ‘బులద్’ అంటారు. చివరి దకారం నేను చెప్పిన సూత్రానికి సరిపోతుంది గాని, మొదటి అచ్చు సరిపోదు. అందుచేత దానిని ‘బిలగ్’ పక్కన కూర్చోబెడతాను తప్ప, తోబుట్టువు అని ప్రకటించను. సెబూ నగరంలో ఈ మాటను ‘బువద్’ అని పలుకుతారు. అక్కడి వాడుకలో రెండు అచ్చుల మధ్య లకారం కరిగి వకారమవుతుంది. వాన అనే అర్థమున్న ‘ఉలన్’ అక్కడ ‘ఉవన్’. ‘బువద్’ క్రియ మాత్రమే కాదు, ఎండుచేప పేరు కూడా. తెలుగులో ‘ఎండుచేప’ అని రెండు మాటలు కలపాలి. సెబూ మనిషికి ‘బువద్’ అన్న ఒక్క మాటలో ఎండ, పని, తిండి మూడూ ఉన్నాయి.

సెబూ నగరంలో తాబోఆన్ అనే సంత ఉంది. సందు మలుపు తిరగకముందే వాసన చెబుతుంది, అడ్రసు అడగనక్కరలేదు. కొట్ల ముందు వెదురు పళ్ళేల్లో ‘దంగ్గిత్’ గుట్టలు గుట్టలుగా ఉంటుంది. అరచేతికంటే చిన్న చేపను వీపు వైపునుంచి చీల్చి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, ఉప్పు పట్టించి, ఎండలో ఆరేస్తారు. ఇందులో పేరుపొందినది సెబూకు వాయవ్యంగా ఉన్న బంతయాన్ ద్వీపపు దంగ్గిత్. అలా రెండుగా చీల్చి ఎండబెట్టిన చేపకు ‘పినకాస్’ అని ఇంకో పేరు. కొట్టు ఆవిడ ఒక దంగ్గిత్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టి చూపించింది. కండలోంచి వెలుగు దాటి, ముళ్ళు గీతలు గీసినట్టు కనబడ్డాయి. అలా వెలుగు దాటితే బాగా ఎండినట్టట. బట్టలు ఆరేయడానికి ఈ మాట కాదు, ‘హైహై’ అని వేరే మాట వాడతారు. మనకు ‘ఎండు’, ‘ఆరు’ ఉన్నట్టు, వాళ్ళకు పరచి ఎండబెట్టేది ఒకటి, వేలాడదీసి ఆరబెట్టేది ఒకటి. తేడా తడి ఎక్కడిది అన్నదాంట్లో కాదు, చెయ్యి చేసే పనిలో ఉంది. ఈ సంగతి గ్రహించడానికి నాకు సంతలో ఒక పూట పట్టింది. నిఘంటువుల ముందు కూర్చున్న నెలల్లో ఇది తట్టలేదు.

తడికి ఆ భాషలన్నిటిలోనూ ‘బసా’ అనే మాటే ఉంది. చదవడానికి ‘బాసా’ అనే మాట ఉంది. రెండోది మలయ్ భాష మీదుగా వచ్చిన సంస్కృత ‘వాచా’ అని భాషావేత్తలు చెబుతారు. తడిసిన పుస్తకం చదువుతున్నానని చెప్పాలంటే ఒకే రూపపు మాటను రెండుసార్లు పలకాలి, ఊనిక మాత్రం మార్చాలి. మన వాచకాలకు అంత దూరాన చుట్టాలున్నారు.

ఇక కాలం పేరు. సెబువానోలో ‘తింగ్’ అన్న ఉపసర్గ చేరిస్తే కాలం పేరు వస్తుంది. వేడికి చేరిస్తే ‘తింగినిత్’, అది ఎండాకాలం. వానకు చేరిస్తే ‘తింగులన్’, అది వానాకాలం. కోతకు చేరిస్తే ‘తింగని’, కోతల కాలం. పద్ధతి తేటగా ఉంది. ఇలోకానోలో వానాకాలాన్ని ‘పనగ్‌తుతుదో’ అంటారు. వాన అనే ‘తుదో’ మొదటి అక్షరాన్ని రెట్టించి, ముందు ‘పనగ్’ చేర్చిన మాట అది. కానీ ఎండాకాలానికి ఇలోకానో అలాంటి కూర్పు మాటతో సరిపెట్టుకోలేదు. దానికి ‘కల్గావ్’ అని సొంత పేరుంది.

ఇక్కడ నేను ఒక ఆకర్షణలో పడ్డాను. మీరూ పడకుండా ఉండాలని చెబుతున్నాను. ఫిలిప్పీన్స్ వాతావరణాన్ని వానలు పడే తీరును బట్టి నాలుగు రకాలుగా విభజిస్తారు. కరోనాస్ అనే జెసూట్ పాదరీ 1920లో వేసిన విభజన అది. అక్కడి వాతావరణ సంస్థ పగాసా ఇప్పటికీ దానినే సవరించి వాడుతోంది. పగాసా అన్న పేరు పొడి అక్షరాలే గాని, తగలోగ్‌లో ఆశ అని అర్థం వచ్చేట్టు కుదిరింది. ఆ విభజనలో ఇలోకోస్ మొదటి రకం. ఈశాన్య గాలి మోసుకొచ్చే తేమను కోర్దిల్యేరా కొండలు అడ్డుకోవడంతో, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ వాన దాదాపు ఉండదు. నైరుతి గాలి తిరిగాకే కురుస్తుంది. సెబూ మూడో రకం. అక్కడ కాలాల మధ్య గీత అంత గట్టిగా ఉండదు. ఎండ నెలల్లోనూ అప్పుడప్పుడు జల్లు పడుతుంది. కనుక ఎండాకాలం నిఖార్సుగా ఉన్న ఇలోకోస్‌లో దానికి సొంత పేరు పుట్టిందనీ, గీత పలచగా ఉన్న సెబూలో వేడి పేరుతో సరిపెట్టారనీ నేను ఒక వ్యాసం మొదలుపెట్టాను. రెండు పేజీలు రాశాక మనీలా గుర్తుకు వచ్చింది. మనీలా కూడా లూజాన్ పడమటి తీరమే, మొదటి రకం వాతావరణమే. అయినా తగలోగ్‌వారు ఎండాకాలాన్ని వేడి పేరుతో ‘తగినిత్’ అనీ, సూర్యుడి పేరుతో ‘తగరావ్’ అనీ కూర్చుకునే పిలుస్తారు. నా సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. ఆ రెండు పేజీలు పారేశాను. నేల భాషను తీర్చిదిద్దుతుందన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. ఒక్క పొరుగు భాషను పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు నిలవదు.

నిలిచే సంగతి ఒకటుంది, అది నాకు అంతకంటే ముఖ్యమైనది. ఈ రెండు భాషలూ ఏటేటా వచ్చే ఎండాకాలానికీ, వానలు ముఖం చాటేసే ఆపదకూ ఒకే మాట వాడవు. ఇలోకానోలో కాలం ‘కల్గావ్’, ఆపద ‘తికగ్’. సెబువానోలో కాలం ‘తింగినిత్’, ఆపద ‘హులావ్’, సెబూ నగరపు నోట ‘హువావ్’. రోడ్డు మీద వడ్లు లాగుతున్న అవ్వను, ఎండ చూసి జాలిపడి, ‘తికగ్ చాలా గట్టిగా ఉందే’ అన్నట్టు వచ్చీరాని మాటల్లో అన్నాను. ఆమె పార ఆపి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది: ‘కల్గావ్ దాయ్‌తోయ్, సాఅన్ అ తికగ్.’ ఇది కల్గావ్, తికగ్ కాదు అని. కల్గావ్ లేకపోతే ఆమె వడ్లు ఎండవు. వరి కోసిన మాగాణిలో వేసే వెల్లుల్లి, పొగాకు, ఇలోకానోలో ‘బలాతోఙ్’ అనే పెసలు ఆ కాలపు పంటలే. నీటి వసతి ఉంటే వరి కూడా ఎండ నెలల్లోనే ఎక్కువ పండుతుంది, మబ్బులు అడ్డం లేక గింజకు కావలసినంత వెలుతురు అందుతుంది కనుక. సార్వాకంటే దాళ్వా ఎందుకు బాగా పండుతుందో గోదావరి రైతుకు తెలిసిన సంగతే అది. తీరం వెంబడి పసుకిన్‌లో ఉప్పు పండించేది కూడా ఆ నెలల్లోనే. కల్గావ్ అంటే పని ఉన్న కాలం. తికగ్ అంటే చేతికి పని లేకుండా చేసేది.

‘హులావ్’ అన్న మాట గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. దాని మొదటి అర్థం ఎండడం కాదు. కురుస్తున్న వాన నిలిచిపోవడం. మనం వాన వెలిసింది అంటామే, ఆ భావం. తగలోగ్‌లో ఆ మాట ఇప్పటికీ వానో గాలివానో తగ్గుముఖం పట్టడాన్నే చెబుతుంది. సెబువానోలో అది ముందుకు నడిచి, వాన వెలిసి మళ్ళీ రాకపోవడం అన్న చోటికి చేరింది. వానలు కురవని ఆపదకు మనకున్న మాట ‘వరపు’. అది వచ్చిన దారి దీనికి భిన్నం. పాత తెలుగులో అది శకటరేఫతో ‘వఱపు’. ఎండు అన్న అర్థమున్న ద్రావిడ ధాతువులోంచి పుట్టింది, తమిళంలోని ‘వఱట్చి’కి చుట్టం. మనం కాళ్ళకింది నేలను చూసి ఆపదకు పేరు పెట్టుకున్నాం. సెబూవారు తలెత్తి ఆకాశాన్ని చూసి పెట్టుకున్నారు. ‘వరపు’ అన్న మాటను నేటి తెలుగు పత్రికలు వదిలేయడం నన్ను చాలా బాధిస్తోంది. వాన లేకపోయినా ‘కరువు’, తిండి లేకపోయినా ‘కరువు’ అని రాస్తున్నాం. వరపు వచ్చినా గాదెలో ధాన్యం ఉంటే కరువు రాదు. వాన కురిసినా ధర ఆకాశాన్ని అంటితే పేదవాడికి కరువే. ఈ రెండు మాటలను కలిపేస్తే, తప్పు వానదా మనుషులదా అన్న ప్రశ్న అడగడానికి మాట మిగలదు.

పగాసా ప్రకటనలను చదివితే ఇదే చిక్కు ఇంకో రూపంలో కనబడుతుంది. వాళ్ళ లెక్కలో మూడు మెట్లున్నాయి. మామూలుకంటే 21 నుంచి 60 శాతం తక్కువ వాన వరసగా 2 నెలలు పడితే మొదటి మెట్టు. అదే 3 నెలలు సాగినా, 60 శాతానికి మించిన లోటు 2 నెలలు ఉన్నా రెండో మెట్టు. పెద్ద లోటు 3 నెలలు, లేదా చిన్న లోటు 5 నెలలు సాగితే మూడోది, పూర్తి వరపు. ఇంగ్లీషులో మొదటి రెండు మెట్ల పేర్లలోనూ ‘డ్రై’ అన్న మాటే ఉంది, ఎండాకాలం పేరులోనూ అదే మాట. ఎండాకాలం మొదలైందన్న ప్రకటనకూ, మీ జిల్లా మొదటి మెట్టు మీద ఉందన్న ప్రకటనకూ రైతు చెవిలో తేడా తెలియదు. రేడియోలో ఇలోకానో అనువాదకుడు ‘కల్గావ్’, ‘తికగ్’ అన్న మాటలను సరిగ్గా వాడితే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. మధ్యమెట్టుకు మన తెలుగులో ‘బెట్ట’ అన్న చక్కని మాట ఉంది. పైరు మీద ఉండగా వాన ఎడమిస్తే మన రైతులు బెట్ట అంటారు. దాని ముందు వాడేది ఎండాకాలం, దాని తరువాత వచ్చేది వరపు, ఆ వరపు ముదిరి కూడుకు వస్తే కరువు: నాలుగు మెట్లకు నాలుగు మాటలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

సెబువానో మాట్లాడే నేలలో ఈ మెట్లు ఎంత త్వరగా దిగిపోతాయో చెప్పడానికి ఒక తేదీ చాలు. 2015, 2016 సంవత్సరాల ఎల్ నీన్యో మిందనావ్‌ను గట్టిగా తాకింది. 2016 ఏప్రిల్ 1న కిదపావన్ పట్టణంలో రైతులు రహదారి మీద బైఠాయించి బియ్యం ఇమ్మని అడిగారు. వాళ్ళను చెదరగొట్టే సమయంలో తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. వాళ్ళు అడిగింది ‘బుగస్’, సెబువానోలో బియ్యం. హులావ్‌కు గవర్నమెంటు బాధ్యత వహించదు, నిజమే. ఎల్ నీన్యో అన్నది పెరూ జాలరులు క్రిస్మస్ వేళ వచ్చే వెచ్చని నీటికి బాలయేసు పేరు మీద పెట్టుకున్న మాట. సెబూ నగరపు ఇలవేల్పు కూడా ఆ బాలయేసే, 1521లో నావికుడు మజెల్లాన్ తెచ్చిన సాంతో నీన్యో బొమ్మ. వానలు రాకుండా చేసేదానికీ, వానలు రప్పించమని మొక్కుకునే దేవుడికీ అక్కడ ఒకే పేరు. కానీ బుగస్ అడగవలసింది ఆ ఇద్దరినీ కాదు. ఆ రైతులకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు. అందుకే వాళ్ళు గుడికి కాకుండా రహదారికి వెళ్ళారు.

మా మేనకోడలి కోసమూ, ఆమె తరువాత వెళ్ళే పిల్లల కోసమూ ఈ మాటలను ఒక చిన్న పట్టికగా రాస్తున్నాను. ఎడమవైపు ఇలోకానో, నడుమ సెబువానో, కుడివైపు తెలుగు. ‘నమగా’ ఎదుట ‘ఎండిన, ఆరిన’ అని రాసి, కింద ఎర్ర సిరాతో ‘వాపు కాదు’ అని చేర్చాను. ‘నలైలై’ ఎదుట ‘వడలిన’, ‘కల్గావ్’ ఎదుట ‘ఎండాకాలం’ అని రాశాను. ‘తికగ్’, ‘హులావ్’ రెండింటికీ కలిపి ‘వరపు’. ‘బిలగ్’ దగ్గర ‘ఎండబెట్టు’ అని రాసి, అవ్వ వడ్లు గుర్తొచ్చి ‘ఆరబోయు’ అని మార్చాను. చాలా రోజులు తేలనిది ‘మఅతియానన్’, ‘హుబస్’ ఉన్న వరస. ‘ఎండిపోవు’ అంటే అందులో ఎండ దూరుతుంది, ఆ మాటల్లో ఎండ లేదు. ‘ఇంకిపోవు’ అంటే నీరు భూమిలోకే పోయినట్టు అవుతుంది. కిందటి వారం మా ఊరికి ఫోన్ చేసి, బావిలో నీళ్ళు ఎలా ఉన్నాయని మా అక్కను అడిగాను. ‘ఎక్కడివిరా, అడుగంటాయి’ అంది. ఆ వరసలో ఇప్పుడు ‘అడుగంటు’ అని ఉంది.